మగ్గానికి కొట్టం వేసేముందు

నేను చదివింది ఎనిమిదో క్లాసు. చట్టం గురించి మాట్లాడేంత వాణ్ణి కాదు గానీ, మన తమిళనాడులో ఇంటి వెనక మగ్గం కొట్టం వేసుకోబోయి ఇబ్బంది పడ్డవాళ్ళ కాగితాలు పట్టుకొని ఆఫీసులకు తిరిగినవాణ్ణి, అంతే.

మనకి కొట్టం ఎందుకో అందరికీ తెలుసు. పిల్లల పెళ్ళిళ్ళయి ఇంట్లో మనుషులు పెరిగారు, మగ్గం గది పడకగది అయింది. గుంట మగ్గమైతే వానాకాలం గుంటలో నీళ్ళు ఊరతాయి. జాకార్డు పెట్టె మగ్గం మీద కూర్చుంటుంది, అందుకని కప్పు మామూలు ఇంటికన్నా ఎత్తు కావాలి. ఆ ఎత్తు కూడా ప్లానులో గీయించాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

గోడకి సున్నం, పాత పెంకు మార్చడం లాంటి మరమ్మతు వేరు. కొత్తగా గోడ కట్టి రేకు వేస్తే అది కట్టడమే. "మన స్థలం, మన రేకు, ఎవరడుగుతారు?" అంటారు. 1971 నాటి పట్టణ గ్రామ ప్రణాళిక చట్టం ఉంది, 2019లో వచ్చిన కట్టడాల నిబంధనలున్నాయి. హద్దు నించి వదలాల్సిన జాగా వదలాల్సిందే.

మా సంఘంలో ఒక తమ్ముడు పక్కింటి గోడకి ఆనించి రేకులు వేశాడు. వాన నీళ్ళన్నీ వాళ్ళ వాకిట్లో పడ్డాయి. ముందు మాటా మాటా, తర్వాత ఫిర్యాదు, ఆపైన నోటీసు. పెళ్ళిళ్ళ సీజన్ నడుమ కొట్టం విప్పాడు. సగం నేసిన పడుగు కోసి చుట్ట చుట్టి మా ఆఫీసులో పెట్టాడండీ. రేకులు మళ్ళీ వేసుకోవచ్చు, ఆ పడుగు మళ్ళీ అతుకుతుందా? అతికినా ఆ చీర ఎవరు కొంటారు?

2024 జులై నించి మన రాష్ట్రంలో ఒక సులువు వచ్చింది. 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో, 3,500 చదరపు అడుగుల లోపు ఇల్లు, కింద ఒకటి పైన ఒకటి అయితే, సొంత ధ్రువీకరణ మీద ఆన్‌లైన్‌లోనే అనుమతి ఇస్తున్నారు. ఉన్న ఇంటికి కలిపే కొట్టం దీని కిందికి వస్తుందా అనేది ప్లాను గీసే ఇంజనీరుతో ముందే అడిగించండి. సొంత ధ్రువీకరణ అంటే అబద్ధం రాస్తే బాధ్యత మనదే అని కూడా అర్థం.

అన్నిటికన్నా ముందు పట్టా. తాత పేరు మీదుంటుంది, నలుగురు అన్నదమ్ములు, ఒకరు సూరత్‌లో. సంతకాలు కావాలంటే పండక్కి వచ్చినప్పుడే. గ్రామ నత్తం స్థలమైతే ఇంకా జాగ్రత్త, పోరంబోకు అని తేలితే ఏ కాగితమూ నిలవదు. కేంద్ర చేనేత పథకంలో కొట్టానికి 1,20,000 రూపాయల లెక్కన సాయం ఉంది. పేదలకి, ఆడవాళ్ళకి పూర్తిగా, మిగతావాళ్ళకి ముప్పాతిక. ఇద్దరి అర్జీలు నా కళ్ళ ముందే పట్టా పేరు దగ్గర ఆగిపోయాయి. డబ్బు లేక కాదు, అన్నదమ్ములు మాట్లాడుకోక!

కరెంటు సంగతి ఒక్క మాట. చేతిమగ్గం వాళ్ళకి రెండు నెలలకి 300 యూనిట్లు ఉచితం, 2023లో పెంచారు. కొట్టంలోకి తీగ లాగేముందు కరెంటాఫీసులో అడగండి.

మంగళవారం సాయంత్రం నేను సంఘం ఆఫీసులోనే ఉంటాను. పట్టా, ఇంటిపన్ను రసీదు, పాత ప్లాను ఉంటే అదీ తెండి. రేకులు కొన్న తర్వాత కాదు, కొనకముందు రండి.