చట్టం దాకా నడిచిన తల్లి

ఆటిజం అంటే ఏమిటో చాలామంది వైద్యులకే సరిగా తెలియని రోజులవి. 1991లో ఢిల్లీలో మెరీ బరువా అనే తల్లి 'యాక్షన్ ఫర్ ఆటిజం' సంస్థను ప్రారంభించారు. ఆటిజం ఉన్న తన కొడుకు కోసం నేర్చుకున్నది పదిమంది పిల్లలకూ అందాలని ఆమె తపన. 'ఓపెన్ డోర్' పేరుతో బడి తెరిచారు. తల్లిదండ్రులకూ శిక్షణ ఇచ్చారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే, బిడ్డతో రోజంతా గడిపేది వాళ్లే కదా!

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. ఆమె, ఆమెలాంటి తల్లిదండ్రులు పట్టు వదల్లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజానికి చోటు దక్కింది. 2016 నాటి కొత్త వికలాంగుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మీ ఇంట్లో ఆటిజం ఉన్న బిడ్డ ఉంటే వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. అది మీ హక్కు.