కల్పితలోకమున మతచరిత్ర



ఇటీవల మన యువకులలో కొందరు ఒక బల్లచుట్టును గూర్చుండి, పాచికలు వేయుచు, కథ నడపు ఆట యొకటి యాడుచున్నారు. అందొకడు సూత్రధారుడు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు: ఒకతె వీరనారి, ఒకడు వైద్యుడు, మఱియొకడు దొంగ. సూత్రధారుడు లోకమును వర్ణించును. పాత్రధారులు తామేమి చేయుదురో చెప్పుదురు. సందేహము కలిగినచోట పాచిక తీర్పు చెప్పును. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తెగ యాటలకు మొదటిది. పౌరాణికుని కథయు, నాటకమందలి వేషమును, జూదమందలి పాచికయు ఇందొక్కచోట గూడినవి. కావున మనవారి కిది బొత్తిగా పరాయి వస్తువు కాదు.

ఇట్టి యాటకు లోకమును గల్పించువాడు కొండలను, నదులను, కోటలను సులభముగా గీయగలడు. మతము వచ్చుసరికి మాత్రము తడబడును. సాధారణముగా నొక పట్టిక వ్రాయుదురు. అగ్ని కొక దేవుడు, సముద్రమున కొక దేవత, మృత్యువునకు వేఱొకడు. వీరు మంచివారు, వారు చెడ్డవారు. పట్టిక ముగియును గాని మతము పుట్టదు. పంచాంగమున వర్షలగ్నము చదివినంతమాత్రమున చెఱువు నిండునా? మతమునకు పేర్లకంటె ముందుగా చరిత్ర కావలెను. ఆ చరిత్ర నమ్మదగినదై యుండవలెనన్నచో, దాని నందఱును ఒక్కతీరున చెప్పకుండవలెను. నేటి నా ప్రసంగమునకు ఇదియే సారము.

గ్రెగ్ స్టాఫర్డ్ అను అమెరికా రచయిత 1966లో ఆరంభించి ‘గ్లొరాంథా’ అను లోకమును గల్పించెను. 1975లో అది యొక బల్లయాటగా వెలువడెను. 1978లో వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’ అను పాత్రల యాట యా లోకముననే నడచును. అందలి మూలకథ యిట్టిది. ఓర్లాంత్ ఝంఝామారుతదేవుడు, యెల్మ్ సూర్యచక్రవర్తి. ఓర్లాంత్ యెల్మును జంపెను. లోకము చీకటిపాలయ్యెను. పిమ్మట ఓర్లాంతే సహచరులతో మృతలోకమునకు బోయి సూర్యుని మరల దెచ్చెను. కొండలలోని ఓర్లాంత్ భక్తులు, “సూర్యుడు నిరంకుశుడు, మా దేవుడు మాకు స్వేచ్ఛ నిచ్చెను, చేసిన కీడును తానే సరిదిద్దుకొనెను” అందురు. సూర్యోపాసకులకో, అతడు రాజద్రోహి, లోకమును జీకటిలో ముంచిన హంతకుడు. హత్య యొక్కటి, పురాణములు రెండు. ఆ రెండింటి నడుమ పన్నుల తగవులు, పెండ్లి సంబంధముల చిక్కులు, యుద్ధములు నన్నియు సహజముగ మొలకెత్తును.

అదే లోకమున ‘గాడ్ లెర్నర్స్’ అను పండితవర్గ మొకటి కలదు. వారు అన్ని జాతుల పురాణములను గలిపి, కోసి, అతికి, ఒక్క సిద్ధాంతముగ జేయబూని తుదకు నాశనమైరి. లోకములను గల్పించువారు ఈ కథను తమకే చెప్పినట్లు వినవలెను. అన్నిటికిని ఒకే పొందికైన సమాధానము సిద్ధపఱచినచో ఆ మతము చచ్చును.

నిజమైన చరిత్ర యిట్లే యుండునా యని మీరడుగవచ్చును. కృష్ణాతీరమున, ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురిని జూడుడు. నేటి నాగార్జునకొండ యదియే. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధాది వైదికయాగముల నొనర్చెను. ఆ రాజు సోదరి శాంతిశ్రీ అచ్చటి బౌద్ధ మహాచైత్యమునకు ముఖ్యదాత్రి. సోదరుడు యజ్ఞశాలలో, సోదరి చైత్యమున! వీరు పగవారు కారు, ఒక్క యింటివారు. ఆ పట్టణముననే శివునకు, విష్ణువునకు, బౌద్ధులు పూజించు హారీతీదేవికిని ఆలయములు బయల్పడినవి. నాగార్జునసాగరము నీట మునుగక మునుపు 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో ఇందు చాల భాగము వెలికివచ్చినది. “ఈ రాజ్యపు మతమేది?” యను ప్రశ్న యిచ్చట నిలువదు. “ఈ యింట నెవరెవరు దేనికి వ్యయము చేయుదురు?” అను ప్రశ్న నిలుచును. సూత్రధారుడు అడుగవలసినది రెండవ ప్రశ్న.

పల్నాటిలోని చేజెర్ల కపోతేశ్వరాలయము మఱియొక పాఠము. దాని గర్భాలయము వెనుకభాగము గజపృష్ఠమువలె గుండ్రముగ నుండును. ఇది మొదట బౌద్ధచైత్యమని శాస్త్రజ్ఞులు పలువురు తలచిరి. నేడందున్నది శివలింగము. పావురమునకై తన మాంసమును గోసి యిచ్చిన శిబి కథ స్థలపురాణము. ఆ శిబి మహాభారతమున మాంసమిచ్చెను, పాలీజాతకమున కన్నులిచ్చెను. దేవుడు మాఱినను గోడ మాఱలేదు. దానము మాఱినను దాత మాఱలేదు. కల్పితలోకమునగూడ ప్రతి గుడియు ఇట్లు ఏదో యొక పాతవస్తువుపై నిలువవలెను.

ఇక నిర్మాణక్రమము చెప్పెదను. ఒక యూరు ననుకొందము. ఏటేట వేసవి తుదిని జనులు తమ దేవతను పల్లకిలో నీరులేని యిసుకమేటకు గొనిపోయి, దోసిళ్లతో నిసుకనెత్తి విగ్రహముపై బోసి, స్నానమైనదని మ్రొక్కుదురు. ఎందులకు? పూజారి, “అగ్నిప్రళయమునుండి మనలను గాచుటకు అమ్మ నదిని త్రాగివేసినది, ఒకనాడు మరల విడుచును” అనును. ఒకప్పుడు పడవలు నడపి, ఇప్పుడు బండ్లు తోలువారు, “రాజు కాలువ త్రవ్వి నదిని దొంగిలించినాడు; అమ్మ యలిగినది” అందురు. ముదుసలిని అడుగగా, “మా అత్త చేసెను, మేము చేయుచున్నాము” అని యూరకుండును. మూడు నోళ్లు, మూడు చరిత్రలు. నాలుగవది సూత్రధారున కొక్కనికే తెలియును: భూకంపమున నది దారి మార్చినది, ఆ యేటి కఱవున గుడి ధాన్యపుకొట్లు తెఱవలేదు, చచ్చినవారిని ఆ యిసుకలోనే పూడ్చిరి.

ఇప్పుడు లెక్క చూడుడు. దేవతామాన్యమునకు నది గట్టే యెల్ల. నది మరల వచ్చునన్న పూజారి మాట నిలిచినంతకాలము ఎండిన యేటిపై గుడికి హక్కు నిలుచును. అతడు కపటియని నే ననను. అతడు నమ్మియే చెప్పుచుండవచ్చును. నమ్మకమును, భుక్తియు నొకే పాత్రలో వండబడుట లోకమున సామాన్యము. పండుగ యెప్పుడు, దీపమునకు నూనె యెవరు పోయుదురు, పల్లకి మోయు హక్కెవరిది, ఎవరు దూరముగ నిలుచుదురు? ఇవి వ్రాసికొన్నచో దేవత రూపము తనంతట తానే తెలియవచ్చును.

పాత్రధారులు ఆ యూరికి కఱవునాట వత్తురు. ఆ యిసుకలోనే బావి త్రవ్విన నీరు పడును. త్రవ్వినచో అస్థులు బయల్పడును, తీర్థము చెడును, పూజారి మాన్యము పోవును. త్రవ్వకున్న బిడ్డలు దప్పికొని చత్తురు. ఇం దెవ్వడును రాక్షసుడు కాడు. అయినను ఆ రాత్రి బల్లచుట్టు నున్నవారు పాచికలు మఱచి వాదింతురు.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పొరుగువారు నేడు కొలుచుచున్న దేవుని రెండక్షరములు మార్చి భూతముగ నిలుపుట తగదు. ఆ పొరుగువాడే రేపు మీ బల్లయొద్ద కూర్చుండవచ్చును. శత్రువుల దేవుడు కేవలము దుష్టుడైనచో అతని భక్తులను గొట్టుటకు ఆలోచన యక్కఱలేదు. అప్పుడు ఈ యాటలోని ముఖ్యమైన మేలు చెడును. మనకు నమ్మిక లేనిదానిని నమ్మినవాని నోట మాటలాడుటయే ఆ మేలు. ఒక్క గంటయైనను అట్లు మాటలాడిన యువకుడు, మఱునాడు వీథిలో మఱొకరి ఉత్సవము పోవుచుండగా, “దీని కర్థమేమి?” అని నవ్వక యడుగగలడు.

కావున యువకులారా, దేవతల పట్టికను కొన్నాళ్లు ప్రక్కకు బెట్టుడు. కారణ మెవ్వరికిని సరిగా దెలియని యాచార మొకటి వ్రాయుడు. దానికి వేర్వేఱు కారణములు చెప్పు ముగ్గురు మనుష్యులను, వారి బ్రదుకుతెరువులతో గూడ వ్రాయుడు. దేవుని పేరు ఆ పిమ్మట పెట్టవచ్చును.