రెండు వరుసల నడుమ

రోడ్డుపై కార్లన్నియు నిలిచిపోయినను మోటారు సైకిలు నడుపువాడు నిలువ నక్కరలేదు. రెండు వరుసల నడుమ సన్నని సందు కనిపించిన చాలును, దూరి ముందునకు పోగలడు. హైదరాబాదులో గాని విజయవాడలో గాని ఇది వింత కాదు. దూరక నిలిచినవాడే వింత. అమెరికా దేశమున మాత్రము ఈ విషయమై చిరకాలముగా వాదము జరుగుచున్నది. అచ్చటి రాష్ట్రములలో అధికభాగము దీనికి నేటికిని అనుమతి ఈయలేదు. కాలిఫోర్నియాలో ఇది చట్టసమ్మతము. ఆ రాష్ట్రమున మన తెలుగువారు వేల సంఖ్యలో కాపురమున్నారు. ప్రతిదినము కార్లలో ఫ్రీవేలపై ఉద్యోగములకు పోవుచు, తమ అద్దము ప్రక్కగా మోటారు సైకిలు రివ్వున దూసికొని పోగా ఉలికిపడుచున్నారు. అందుచేత ఈ ప్రసంగము కేవలము పరాయి సంగతి కాదు.

కాలిఫోర్నియా చట్టము చరిత్ర కొంత విచిత్రమైనది. బహుకాలము అచ్చటి శాసనములు ఈ పనిని వలదనియు అనలేదు, కూడుననియు అనలేదు. జాగ్రత్తగా పోవువానిని పోలీసులు చూచి చూడనట్లు విడిచిపెట్టెడివారు. 2013లో రహదారి పోలీసు శాఖవారు కొన్ని సూచనలు ప్రకటించిరి. శాసనసభ ప్రమేయము లేకుండ ఒక శాఖ తనంత తాను నియమములు చేయరాదని ఆక్షేపణ రాగా, 2014లో వానిని ఉపసంహరించిరి. పిమ్మట 2016లో శాసనసభ చట్టము చేసినది. 2017 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. బిల్లు యొక్క ఒక పూర్వరూపమున అంకెలుండెడివి: మోటారు సైకిలు వేగము గంటకు 50 మైళ్లు మించరాదు, చుట్టునున్న వాహనములకంటె 15 మైళ్లకు మించి అధికముగా ఉండరాదు. తుదిరూపమున ఆ అంకెలు ఎగిరిపోయినవి. ఆ పని యేదియో నిర్వచించి, సురక్షితముగా చేయుటకు సూచనలిచ్చు అధికారమును పోలీసు శాఖకు అప్పగించి చట్టము ఊరకున్నది. నా దృష్టిలో ఎగిరిపోయిన ఆ అంకెలే అసలు విషయము.

ఎందుచేతనో చూతము. బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రమాదములకు గురియైన 5,969 మంది మోటారు సైకిలువారి వివరములను పరిశీలించి 2015లో తమ నివేదికను వెలువరించిరి. వీరిలో 997 మంది ప్రమాద సమయమున వరుసల నడుమ పోవుచున్నవారే. తలకు గాయమైనవారు వీరిలో నూటికి 9 మంది. తక్కినవారిలో 16 మందికి మించిరి. మరణించినవారు వీరిలో నూటికి 1.4 వంతు, తక్కినవారిలో 3.1 వంతు. వెనుకనుండి ఇతర వాహనము వచ్చి గ్రుద్దుటయు వీరికి తక్కువే. నిలిచిన కారు వెనుక నిలుచుండి, వెనుక నుండి వచ్చు పరధ్యానపు డ్రైవరుకు చిక్కి నలిగిపోవుటకంటె సందున దూరుటయే మేలని మోటారు సైకిలువారు చేయు వాదమునకు ఇది కొంత బలమిచ్చును. కాని అదే పరిశీలనలో, తాము పోయి ముందు వాహనమును గ్రుద్దినవారు సందున పోవువారిలో నూటికి 38 మంది, తక్కినవారిలో 16 మందికి లోపు.

ఈ అంకెలను చదువునపుడు ఒక సంగతి మరువరాదు. ఇవి ప్రమాదమునకు గురియైనవారి లెక్కలే. సందున దూరి క్షేమముగా ఇల్లు చేరినవారెందరో ఇందులో లేదు. కావున దూరుట వలన ప్రమాదములు పెరుగునా తగ్గునా అను ప్రశ్నకు ఇవి బదులు చెప్పవు. పైగా సందున పోవువారిలో అధికులు పనిదినములలో ఉద్యోగములకు పోవువారు. మంచి హెల్మెట్టు ధరించినవారు, మద్యము ముట్టనివారు వీరిలో ఎక్కువ. గాయములు తగ్గుటలో సందు పాలెంత, హెల్మెట్టు పాలెంత? నివేదిక నిస్సంశయముగా చెప్పినది వేగభేదమును గూర్చియే. భేదము 15 మైళ్లలోపు ఉన్నంతవరకు గాయములు అంతగా పెరుగలేదు. దాటిన పిదప పెరిగినవి.

లెక్క కష్టమైనది కాదు. గంటకు 15 మైళ్లనగా సెకనుకు 22 అడుగులు. కారు హఠాత్తుగా ప్రక్కకు జరిగినచో, చూచి, తెలిసికొని, బ్రేకుపై చేయి వేయుటకు సెకనున్నర పట్టుననుకొందము. ఈలోపల మోటారు సైకిలు ఆ కారుకు 33 అడుగులు దగ్గరగును. అనగా సుమారు రెండు కార్ల పొడవు. భేదము 30 మైళ్లయినచో 66 అడుగులు. తాకిడి బలమో, రెండింతలు గాక నాలుగింతలు. కారు డ్రైవరు ఒకమారు అద్దమున చూచి మరల రోడ్డు వంక చూచు వ్యవధిలో, అద్దమున లేని మోటారు సైకిలు ప్రక్కకు వచ్చి చేరును. అతడు చూడలేదనుట నిజమే. చూచుటకు ఏమియు లేకుండెను.

ఇక సందు వెడల్పు. అచ్చటి ఫ్రీవేలో ఒక్కొక్క వరుస సాధారణముగా 12 అడుగులు. రెండు కార్లు చెరియొక వరుసలో నడుమగా పోవునపుడు వాని మధ్య ఆరడుగులు మిగులును. రెండు పెద్ద లారీలైనచో మూడున్నర అడుగులే. కావుననే లారీల నడుమ దూరవలదనియు, ఎడమవైపు చివరి రెండు వరుసల మధ్య పోవుట మేలనియు పోలీసు శాఖ 2018 నాటి సూచనలలో చెప్పినది. కారువారికిని ఒక మాట చెప్పినది. కోపముచేత కారును అడ్డముగా జరిపి దారి మూయుట, తలుపు తెరచి ఆపుట అచ్చట నేరములు.

తక్కిన రాష్ట్రములు అంకెలను విడువలేదు. యూటాలో 2019 నుండి, ఆగియున్న వాహనముల నడుమ మాత్రమే, 15 మైళ్ల వేగమునకు లోబడి పోవచ్చును. మోంటానా, అరిజోనా, కొలరాడో, మినెసోటా తరువాత వచ్చినవి. ఫ్రాన్సు దేశము 2016 నుండి కొన్ని ప్రాంతములలో ప్రయోగము చేసి, ఆ రోడ్లపై ప్రమాదములు పెరిగినవని తేలగా 2021 జనవరిలో ఆపినది. అదే యేట మరల ఆరంభించి, 2025 జనవరిలో గంటకు 50 కిలోమీటర్ల హద్దుతో దేశమంతట అనుమతించినది.

ఈ అంకెలను మన వీధులకు తెచ్చుకొనవచ్చునా? 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణింపగా, నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోవువారే. గీతలున్న రోడ్డుపై తన వరుసలోనే పోవలెననియు, ఇండికేటరు చూపియే వరుస మారవలెననియు మన నిబంధనలును చెప్పుచున్నవి. కాలిఫోర్నియా లెక్కలన్నియు కార్లు తమ వరుసలలో ఉండుననియు, సందులో మనుష్యులు ఉండరనియు అనుకొని చేసినవి. ఇచ్చట సందులో ఆటో ఉండును, తోపుడు బండి ఉండును, రోడ్డు దాటు మనిషి ఉండును. మన బస్సు తలుపు ఎడమ ప్రక్కన ఉన్నది. రోడ్డు నడుమనే ఆగిన బస్సు నుండి దిగువాడు తొలి అడుగు వేయునది ఆ సందులోనికే.