సంతకం పెడితే భూమి పోదు
(కౌలు రైతుల సభలో ప్రసంగ పాఠం)

నోటిమాట మీద పొలం కౌలుకిచ్చే ఆసామి, కాగితం అనగానే వెనకాడుతున్నాడు. కౌలుదారును తేలిగ్గా ఖాళీ చేయించే వీల్లేదన్న 1956 నాటి కౌలుదారీ చట్టమే ఆయన మనసులో ఉంది. అందుకే కొందరు ఏటా కౌలుదారును మారుస్తున్నారు.

2019 పంట సాగుదారుల హక్కుల చట్టం వేరు. ఒప్పందం 11 నెలలే. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. పాసుపుస్తకంలో పేరు మారదు. కానీ ఆసామి సంతకం లేనిదే కౌలు రైతుకు కార్డు రాదు. కార్డు లేనిదే బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. పంట పోతే నష్టం సాగుచేసినవాడిది, పరిహారం మరొకరిది!

ఆ సంతకం షరతు తీసేయాలని ప్రభుత్వంతో పోరాడదాం. అందాకా, ప్రతి ఆసామి గడపకూ వెళ్లి చట్టం చదివి వినిపిద్దాం. ఆయనా రైతే. భయం పోతే సంతకం పెడతాడు.