మలుపులో మూగవోవు హారను

సాలూరు దాటి కోరాపుట్టు వైపు కొండయెక్కు ఘాటీ దారిలో ప్రయాణించినవారికి ఒక సంగతి అనుభవమే. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. ఎదురుగా వచ్చు బండి మలుపు తిరుగువరకు కంటికి కానరాదు. కన్ను చేయలేని పనిని అచ్చట చెవి చేయవలెను. కనుకనే తెలిసిన డ్రైవరు ప్రతి మలుపునకు ముందు హారను మ్రోగించును. విజయనగరము నుండి గజపతినగరము, రామభద్రపురము, సాలూరు, సుంకి మీదుగా పోవు ఈ దారి నేడు 26వ జాతీయ రహదారిలో భాగము. లారీలకు పేరుపడిన సాలూరు దీని ముంగిట నున్నది.

ఒక శీతకాలపు ఉదయమున మిత్రుని పాత కారులో ఈ ఘాటీ దిగుచుంటిమి. బయలుదేరునపుడు హారను నొక్కి చూచితిమి, చక్కగా మ్రోగినది. తీరా పెద్ద మలుపులో చక్రము త్రిప్పి నొక్కగా చప్పుడు లేదు. ఎదురుగా లారీ! మిత్రుడు కారును అంచునకు తీసి ఆపెను, లారీయు నిలిచెను. మలుపు దాటి చక్రము చక్కబడిన పిమ్మట అదే హారను ఎప్పటివలె పలికినది. ఆనాడు మమ్ము కాపాడినది మా మెల్లని నడక మాత్రమే.

ఈ వింతకు కారణము స్టీరింగు చక్రము అడుగున నున్నది. బ్యాటరీ నుండి విద్యుత్తు ఫ్యూజు ద్వారా హారనును చేరి, అచ్చటినుండి తీగ వెంట స్టీరింగు స్తంభమునకు వచ్చును. మీట నొక్కినపుడు ఆ తీగకు కారు ఇనుప దేహముతో సంబంధము కలిగి హారను మ్రోగును. అయితే చక్రము తిరుగునది, స్తంభము కదలనిది. తీగను నేరుగా బిగించినచో మెలివడి తెగిపోవును. అందుచేత పలు పాత కార్లలో ఒక ఇత్తడి రింగును, దానిపై స్ప్రింగు బలముతో ఒత్తుకొని జారు చిన్న ముక్కును అమర్చిరి. దీనినే మెకానిక్కులు కాంటాక్టు అందురు.

ఏండ్లు గడచిన కొలది ముక్కు అరిగి పొట్టియగును. స్ప్రింగు బలము తగ్గును. రింగుపై నిత్యము రాపిడి తగులు చోటు మెరయుచుండును గాని, చక్రము బాగుగా త్రిప్పినపుడు మాత్రమే తగులు చోట ఎండిన గ్రీజు, ధూళి, చిలుము పేరుకొనును. బలహీనమైన ముక్కు ఆ పొరను చీల్చలేదు. కొన్నిటిలో ఇందుకు మారుగా, నిత్యము తగులు చోటనే గాడి పడి, చక్రము తిన్నగా నున్నపుడే హారను పలుకదు. కావున ఇంటి ముంగిట ఒకసారి నొక్కి చూచుట పరీక్ష కాదు. బండి నిలిపి, మీట నొక్కి పట్టి, చక్రమును ఈ కొస నుండి ఆ కొస వరకు మెల్లగా త్రిప్పి చూడవలెను. ధ్వని ఎచ్చట తెగినదో అచ్చటనే దోషము.

ఎక్కడను మ్రోగనిచో మొదట ఫ్యూజును చూడుడు. తరువాత స్తంభమునకు వచ్చు హారను తీగ కొసను కారు ఇనుప దేహమునకు తాకించుడు. అప్పుడు మ్రోగినచో హారను మంచిదే; లోపము చక్రములో నున్నది.

మరమ్మతునకు ముందు బ్యాటరీ తీగ ఊడదీయవలెను. చక్రమునకును ఇరుసునకును కలిపి ఒక గీత గీయవలెను. లేనిచో తిరిగి బిగించునపుడు చక్రము వంకరగా కూర్చుండును. నట్టును పూర్తిగా తీయక నాలుగు మరలు మిగిల్చి, పుల్లరుతో చక్రమును లాగవలెను; అది ఒక్కసారిగా ఊడి ముఖమునకు తగులకుండుటకే ఈ జాగ్రత్త. రింగును సన్నని ఉప్పుకాగితముతో రుద్ది, గుడ్డతో తుడిచి, వాజిలైను పలుచగా పూయవలెను. దట్టమైన గ్రీజు పనికిరాదు.

అరిగిన ముక్కు కొనపై మాటు వేసి ఎత్తు పెంచుట వాడుకలో నున్నది. మాటు మెత్తనిది, అది త్వరలోనే అరిగి, పొడియై రింగునకు అంటును. ఘాటీ దారికి అది నమ్మదగినది కాదు. 1958లో వెలువడిన అంబాసిడరు కారు తయారీ 2014లో ఆగినది. అట్టి పాత బండ్లకు అసలు భాగము దొరకనిచో లేతుపై ఇత్తడి ముక్కు తీయించి, కొత్త స్ప్రింగు వేయించుట మేలు. శ్రీకాకుళము జిల్లాలోని బుడితి ఇత్తడి, కంచు పనికి పేరెన్నిక గన్న ఊరు. రాపిడికి లోహ మెట్లు అరుగునో అచ్చటి పనివారికి వేరుగ చెప్ప నక్కరలేదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. 2019 జూలై నుండి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అట్టి కార్లలో రింగునకు మారుగా గడియారపు స్ప్రింగువలె చుట్టిన తీగపట్టీ యుండును. ఆ చక్రమును ఇంట విప్పరాదు. ఎయిర్‌బ్యాగు ప్రేలి ప్రాణాపాయము కలుగవచ్చును.

మూగ హారనుకు విసిగి పలు స్వరముల కేక హారను బిగించుటయు తగదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు దానిని నిషేధించినవి. హారను ఇతరులను బెదరించుటకు కాదు, మన రాకను తెలుపుటకు. ఇరుకైన కొండదారిలో ఎక్కు బండికి దిగు బండి దారి యీయవలె నన్న నియమము పాటింపబడవలె నన్నను, ఒకరి రాక ఒకరికి ముందుగా తెలియవలెను గదా! చిన్న ఇత్తడి ముక్కు అరుగుదలను సకాలమున కనిపెట్టినచో మన ప్రాణమే గాక, మలుపునకు ఆవలనున్న ఎవరో తెలియని వారి ప్రాణమును కాపాడినవార మగుదుము.