సాగనంపిన వేళ



మిషనెరీల చరిత్రములు బయలుదేరినవారిని గూర్చి వ్రాయబడినవి. ఓడ యెక్కినవారి పేరుండును. రేవున నిలిచిన తల్లిదండ్రుల పేరు తఱచుగా నుండదు. బాల్యమునుండి అట్టి గ్రంథములు చదివినవాడనయ్యును ఈ లోటు నాకు మొన్న మొన్నటివరకు కనబడలేదు. కనబడుటకు కారణము మా అమ్మాయి.

మాది నెల్లూరు. ఇక్కడ 1840వ సంవత్సరమున అమెరికను బాప్టిస్టు మిషనెరీ శామ్యూలు డే గారు కాపురము పెట్టిరి. ఎవరో తల్లిదండ్రులు తమ బిడ్డలను వదలుకొన్నందున మా పెద్దలకు సువార్తయు, బడియు, ఆసుపత్రియు లభించినవి. 1903లో తెలుగు బాప్టిస్టులే జాన్ రంగయ్యగారిని నేటాలులోని తెలుగు కూలీలయొద్దకు పంపిరి. ఈ సంగతులను నేను సంఘములో గర్వముతో చెప్పుచుండువాడను. రెండేండ్ల క్రిందట పొరుగింటి కుఱ్ఱవాడు దైవసేవకు పోవునాడు వీడ్కోలు సభలో అరగంట మాట్లాడితిని. బిడ్డను దేవునికిచ్చుటకంటె భాగ్యము లేదంటిని. వాని తల్లి ముందువరుసలో కన్నీరు తుడుచుకొనుచుండెను. ఆనందబాష్పములనుకొంటిని.

గత వేసవిలో మా అమ్మాయి నర్సు చదువు ముగించి, ఒడిశాలోని కోరాపుట్టు కొండలలో ఒక చిన్న మిషను ఆసుపత్రికి పోయెదనని చెప్పెను. "ఆలోచింత" మంటిని. మరునాడు మలేరియా సంగతి యెత్తితిని. ఆ మరునాడు ఒడియా భాష రాదుగదా యంటిని. పిమ్మట తల్లి యారోగ్యమును సాకుగా జూపితిని. ఆమె నాకంటె దృఢముగనే యున్నది. అమ్మాయి అన్నియు విని, "నాయనా, ఆనాడు సభలో నీవు చెప్పినది పొరుగువారి బిడ్డలకేనా?" యని మెల్లగా అడిగెను. జవాబు తోచక చెప్పులు తొడుగుకొని బజారునకు పోతిని. కొనవలసినదేదియు లేదు.

ఆ రాత్రి జడ్సను చరిత్రము తీసితిని. 1810లో ఆయన, ఆన్ హెసెల్టైను అను కన్యను వివాహమాడగోరి ఆమె తండ్రికి జాబు వ్రాసెను. కుమార్తెను ఈ లోకమున మరల చూడకుండుటకు సమ్మతింతురా, సముద్రమునకు, విషజ్వరములకు, దుర్మరణమునకైనను ఒప్పగింతురా యని దాపరికము లేక అడిగెను. యౌవనమున ఈ ఘట్టము చదివి జడ్సను ధైర్యమునకు మురిసితిని. ఈమారు జాబందుకొన్న తండ్రి చేతులే కనబడినవి. ఆయన నిర్ణయమును కుమార్తెకే విడిచెను. ఆమె 1812 ఫిబ్రవరిలో ఓడ యెక్కెను. పదేండ్లకు వ్యాధిగ్రస్తురాలై ఇల్లు చేరి, 1823లో మరల బయలుదేరి, 1826లో బర్మాలో కన్నుమూసెను. అప్పటికామెకు 36 ఏండ్లు. మొదటి వీడ్కోలుకంటె ఆ రెండవదియే నన్నెక్కువ కలచినది. మొదట తెలియక పంపియుందురు. ఆ మారు తెలిసియు పంపిరి.

నా కష్టము దానిలో వేయవవంతు కాదు. కోరాపుట్టునకు రైలున్నది, టెలిఫోనున్నది. ఆ లెక్క మనస్సునకు సరిపడదు, అంతియే.

నా భార్య ఈ దినములన్నియు నోరు మెదపలేదు. ఆవకాయ జాడీకి పాతచీర చుట్టి పెట్టెలో సర్దుచు, "అబ్రాహాము కుమారుని దీసికొని తెల్లవారగనే పోయెనుగదా; శారాను అడిగినట్లు వ్రాసియున్నదా?" యనెను. వ్రాసియుండలేదు. నేనును ఆమెను అడిగియుండలేదు. అప్పుడడిగితిని. "అది చెప్పిననాడే ఒప్పుకొంటిని. ఏడ్వననిమాత్రము మాట యియ్యలేదు" అని మూత బిగించెను.

విశాఖపట్టణమువరకు తోడుపోయితిని. అక్కడ కిరండూలు పోవు రైలు అరకు మీదుగా కోరాపుట్టు చేరును. కిటికీయొద్ద నిలిచి బిగ్గరగా ప్రార్థన చేయవలెనని దారిపొడవునను మాటలు కూర్చుకొంటిని. తీరా ఆ వేళకు, "నీళ్లసీసా పెట్టుకొంటివా, తల్లీ?" అని మాత్రమే నోట వచ్చినది. "పెట్టుకొంటిని నాయనా" అనెను. రైలు కదలినది.

ఇల్లు చేరిన సాయంకాలము పొరుగింటికి పోతిని. ఆ తల్లి అరుగుమీద బియ్యము చెఱుగుచుండెను. "మీ వాడెట్లున్నాడమ్మా?" యని అడిగితిని. రెండేండ్లలో నేనా మాట అడుగుట అదియే మొదలు. ఆమె చేట ప్రక్కన బెట్టి, దీపాలవేళ దాటువరకు చెప్పుచుండెను.