కడుపు నొప్పంతా గర్భసంచి నొప్పి కాదు

(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు గురించి, అప్పుల గురించి ఎంతసేపైనా మాట్లాడతాం. దొడ్డికి పోవడం గురించి మాట్లాడాలంటే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాం. ఈ రోజు ఆ మాటే మాట్లాడదాం.

ఈ జబ్బు పేరు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. డాక్టర్లు ఐబీఎస్ అంటారు. వారానికి ఒక రోజైనా కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. దొడ్డికి పోయొస్తే కొందరికి తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది. కొన్నాళ్ళు విరేచనాలు, కొన్నాళ్ళు మలబద్ధకం, ఎప్పుడూ కడుపుబ్బరం. ఇట్లా నెలల తరబడి ఉంటుంది. స్కానింగ్ తీస్తే ఏమీ కనపడదు. పేగులో పుండు లేదు, గడ్డ లేదు. పేగుకూ మెదడుకూ మధ్య నరాల కబురు తేడా పడుతుంది, అందుకే పేగు మామూలుగా కదిలినా నొప్పి పుడుతుంది. ఇది క్యాన్సర్‌గా మారదు, ప్రాణం తీయదు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. ముట్టు రోజుల్లో ఇంకా పెరుగుతుంది.

రిపోర్టులో ఏమీ లేదంటే ఇంట్లో ఏమంటారు? "పనికి ఎగనామం పెట్టడానికి నాటకం" అంటారు. అక్కా, రిపోర్టు బాగున్నా నొప్పి నిజమే.

మన పనులు దీన్ని ఇంకా పెంచుతాయి. పత్తి ఏరే చేలో, మిల్లులో, గుంటూరు వైపు మిర్చి కోతకు వలస పోయిన చోట మరుగు దొరకదు. అందుకని పొద్దున నీళ్ళు తాగం, సరిగా తినం. నీళ్ళు తగ్గితే మలబద్ధకం, దాంతో నొప్పి. ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చున్న చెల్లెలు గంటకోసారి లేస్తే ఆ రోజు నేత సాగదు. కూలీ పోతుంది. తర్వాత ఊర్లో ఆర్‌ఎంపీ, ఆదోనిలో ఒక డాక్టరు, అక్కడి నుంచి కర్నూలు. పోయిన చోటల్లా స్కానింగ్ మళ్ళీ మొదటి నుంచి. ఆస్పత్రిలో క్యూ పెరుగుతుంది, మన అప్పూ పెరుగుతుంది.

అసలు భయం ఇంకొకటి ఉంది. పొత్తికడుపు నొప్పి అనగానే "గర్భసంచి తీయించేస్తే పోతుంది" అనే మాట మన ఊర్లలో బాగా నాటుకుపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 100కి 3 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 8 మందికి పైగా. దేశంలో మనదే మొదటి స్థానం. అనవసరంగా జరిగే ఈ ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

గడ్డలకు, ఆగని రక్తస్రావానికి, క్యాన్సర్‌కు ఆపరేషన్ అవసరం పడొచ్చు. అది డాక్టరు చెప్పాల్సిందే. కానీ పేగు నొప్పికి గర్భసంచి తీస్తే నొప్పి పోదు, అప్పు మిగులుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు బలహీనపడతాయి. అందుకే డాక్టరును ఒక్క మాట అడగండి: "సార్, ఇది గర్భసంచి నొప్పా, పేగు నొప్పా?" దొడ్డి సంగతి సిగ్గుపడి దాస్తే డాక్టరుకైనా ఎట్లా తెలుస్తుంది?

కొన్ని గుర్తులుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. దొడ్డిలో రక్తం, నల్లటి దొడ్డి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, 45 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్. వీటిలో ఏది ఉన్నా పెద్దాస్పత్రికే పోవాలి.

ఈ గుర్తులేవీ లేకపోతే, డాక్టరు ఐబీఎస్ అని తేల్చితే, మన వంటింట్లోనే సగం దారి ఉంది. వేళకు తినండి, నీళ్ళు తాగండి. ఉగ్గాని, బజ్జి తిన్న రోజు కడుపు ఉబ్బుతుందా? ఉల్లిగడ్డ, వెల్లుల్లి, శనగపిండి, పాలు కొందరికి పడవు. ఒక్కొక్కటి రెండు మూడు వారాలు ఆపి చూడండి. పడనిది తెలిసాక మిగతావి మళ్ళీ తినండి. అన్నీ ఒకేసారి మానేస్తే ఒంట్లో బలం పోతుంది. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ నీళ్ళు ఎక్కువ పోసుకుని తాగొచ్చు. డాక్టరు నరాలకు చిన్న మోతాదు మాత్ర రాస్తే "పిచ్చి మాత్రలు" అని పారేయకండి. పేగు నొప్పికి కూడా అవి పనిచేస్తాయి.

మన సంఘాలకు మూడు మనవులు. ఒకటి, ప్రతి సభ్యురాలు తన రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టి వెంట తీసుకుపోవాలి. రెండు, అత్యవసరం కాని గర్భసంచి ఆపరేషన్‌కు అప్పు అడిగితే, అప్పు కాదనకుండా, ముందు ఒక అక్క తోడుపోయి ప్రభుత్వాస్పత్రిలో ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. మూడు, కూలి మాట్లాడేటప్పుడు మేస్త్రితో, మిల్లు వాళ్ళతో మరుగుదొడ్డి సంగతి కూడా మాట్లాడాలి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. పది మంది అడిగితే కట్టిస్తారు.